ఊరు లేని ప్రకృతి

తెలుఁగువారి కావ్యములందును, పాఠ్యపుస్తకములందును, నేఁటి పత్రికలందును ప్రకృతికి వచ్చిన కొఱఁత యేమియు లేదు. ఏ పుట తెఱచినను చంద్రోదయమున్నది, కోకిల యున్నది, సెలయేఱున్నది, మామిడి చిగురున్నది. లేనిది యొక్కటే: ఊరు. ఆ చంద్రుఁడే గట్టుమీఁద నుదయించెనో, ఆ సెలయేఱే కొండలోఁ బుట్టి యే చెఱువులోఁ గలిసెనో, ఆ మామిడి యే రైతు దొడ్డిలోనిదో యడిగినచో కవి పలుకఁడు. మేము చెప్పఁబూనిన దిది: ఊరు లేని ప్రకృతివర్ణనము ప్రకృతిప్రేమ కాదు, ప్రకృతియెడ మనకుఁ గల యుదాసీనతకు అది గౌరవప్రదమైన ముసుఁగు. ఆ ముసుఁగు చాటుననే మన యేఱులును, కొలఁకులును, కొండలును, వానిని నమ్ముకొన్న జనులును మనకుఁ దెలియకయే చెడిపోవుచున్నారు.

దీనికొక సులభమైన పరీక్ష కలదు. మీకు నచ్చిన ప్రకృతివర్ణనమును దేనినైనను తీసికొని, అందలి యూరిపేరు కొట్టివేసి, వేఱొక యూరిపేరు వ్రాయుఁడు. ఆదోని కొట్టివేసి అమలాపురము పెట్టుఁడు. ఒకటి నల్లరేగడిలో ప్రత్తి పండు మెట్టసీమ. రెండవది కొబ్బరితోఁటల నడుమ గోదావరి కాలువలు పాఱు డెల్టాసీమ. ఇంత మార్పు జరిగినను వాక్యమునకు చిన్న గాయమైనను తగులకున్నచో, ఆ వర్ణనము రెండూళ్ళలో దేనిని గూర్చియు వ్రాసినది కాదని రూఢిగాఁ దెలియును. అచటనున్నది ఊరు కాదు, ఊరిపేరు మాత్రమే.

ఈ రోగము బడిలోనే యంటుకొనుచున్నది. 'వర్షాకాలము' అను విషయమిచ్చి వ్యాసము వ్రాయుమన్నచో అనంతపురపు బాలుఁడును, కాకినాడ బాలికయు ఒకే మేఘమును గర్జింపఁజేయుదురు; ఒకే నెమలిని ఆడింతురు; ఒకే కప్పను కూయింతురు. అనంతపురమున ఏఁటికి కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కాకినాడలో దాదాపు దానికి రెట్టింపు. ఒకచోట వాన రాదేమో యని గుండె చెదరును. వేఱొకచోట వాన వచ్చి గట్టు తెగునేమో యని గుండె చెదరును. వ్యాసములో మాత్రము ఇరువురును ఆనందమున నోలలాడుదురు. ఇది పిల్లల దోషము కాదు. వానను చూచి వ్రాయుమని వారికెవరును చెప్పలేదు. గైడు పుస్తకమును చూచి వ్రాయుమనియే చెప్పిరి. 'ఉత్తర చూచి ఎత్తర గంప' అని మెట్టరైతు పలికిన నాలుగు మాటలలో ఒక సీమ, ఒక కార్తె, ఒక కఱవు, ఒక వలస యన్నియు నిమిడియున్నవి. ఆ సామెతకు మార్కులు లేవు. 'ప్రకృతికాంత పచ్చని చీర కట్టినది' అను వాక్యమునకు మార్కులు కలవు.

ఈ యలవాటునకు వంశవృక్షము కలదు. క్రీస్తుశకము ఏడెనిమిది శతాబ్దుల నాఁటి దండి తన కావ్యాదర్శమున మహాకావ్యమునకు అలంకారములగు వర్ణనములను పేర్కొనెను: నగరము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము, జలక్రీడ మొదలైనవి. వానిని పదునెనిమిదిగా లెక్కకట్టి కవులు పట్టీగా వాడుకొనిరి. పట్టీ చేతికి వచ్చిన పిమ్మట కంటితోఁ బని లేకపోయెను. మన ప్రబంధపురములలో పెక్కింటికి ఒకే యగడ్త, ఒకే కోట, ఒకే మేడ; ఆ మేడ తగిలి చంద్రునకు గాయము. కొలఁకులలో హంసల సందడియే సందడి. తెలుఁగునేల చెఱువులపై నిజముగా వ్రాలు గూడబాతు, నీటికాకి, నారాయణపక్షి ప్రబంధద్వారము కడనే నిలిచిపోయినవి. శతాబ్దమునకుఁ బూర్వమే కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ వర్ణనల కృతకత్వమును నిర్భయముగా విమర్శించిరి. ఆయన విమర్శనమును పరీక్షకై చదివి, ఆ వర్ణనలనే మరల పరీక్షకై వల్లించుట మన విద్యావిధానపు విచిత్రము.

దండిని నిందించుట న్యాయము కాదు. ఆయనయే దశకుమారచరితమున ఆంధ్రనగరము చెంత సముద్రమువంటి సరస్సు నొకదానిని చూపెను. అది కొల్లేరే యని కొందఱు పండితుల యూహ. ప్రియురాలి పంటిగాటులచే పెదవి నొచ్చిన మంత్రగుప్తుఁడు ఓష్ఠ్యాక్షరములను విడిచి యా కథను చెప్పును. అక్షరములను విడిచిన దండి సరస్సును విడువలేదు; అక్షరములన్నియుఁ జేత నుంచుకొని మనము సరస్సును విడిచితిమి.

పెద్దలు కన్నులు మూసికొని వ్రాసిరని మేము చెప్పుట లేదు. వాల్మీకి హేమంతమును వర్ణించినపుడు దానిని గాలిలో వర్ణింపలేదు. పంచవటిలో, గోదావరికి స్నానమునకుఁ బోవు త్రోవలో, చలికి వడఁకు ప్రాణుల నడుమ వర్ణించెను. కాళిదాసుని మేఘము ఆకాశమున నూరక తేలలేదు. రేవానది దాఁటి, విదిశను చూచి, వేత్రవతి నీరు త్రాగి, ఉజ్జయినికై త్రోవ మరలి పోయెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణించుచు వరిమళ్ళ కాలువలలో తలలను ఱెక్కలలో దూర్చి నిదురించు బాతులను చూపెను. తెల్లవాఱుజామున స్నానమాడిన బ్రాహ్మణులు పిండి మఱచిపోయిన బట్టలని వానిని భ్రమించి తలారులు కాలువలోనికి దిగుదురు, బాతులు లేచిపోవును, చేనికావలి పడుచులు నవ్వుదురు. ఈ పద్యమేల బ్రదికియున్నది? అందు బాతు ఒంటరిగా లేదు. కాలువ యున్నది, వరి యున్నది, వేకువ యున్నది, ఉద్యోగము చేయు తలారి యున్నాఁడు, కూలికిఁ గాచు పడుచున్నది. స్థలమనఁగా మన్నును నీరును మాత్రమే కాదు. ఆ మంటిమీఁద, ఆ నీటికడ జనులు చేయు పనియు స్థలమే. ఆ రెంటిని కలిపి చూచిన కవి గెలిచెను.

అటుపిమ్మట ఇంగ్లీషు చదువు వచ్చెను; దానితో ప్రకృతిప్రేమ యను క్రొత్త మాటయు వచ్చెను. మన నవ్యకవులలో ననేకులు వర్డ్స్‌వర్తు నిట్టూర్పును తెచ్చుకొనిరి. ఆయన కాళ్ళను తెచ్చుకొనలేదు. ఆ కవి తన సరోవరసీమను కాలినడకను త్రొక్కి, యాత్రికులకై దానికొక మార్గదర్శకగ్రంథమునే వ్రాసెను. 1844లో కెండలు నుండి విండర్మియరునకు రైలుదారి వేయఁబూనఁగా పత్రికలలో నెదిరించెను. ఆయన యోడెను, రైలు 1847లో వచ్చెను. పనివారి గుంపులు వచ్చినచో సీమ చెడునని బెదరిన యాయన వైఖరిని మేము సమర్థింపము. ప్రకృతి ధనికుల ముంగిలి కాదు. కాని 1951లో ఆ సీమ జాతీయోద్యానమైనపుడు, కాపాడఁదగిన వస్తువుగా దానిని జనుల కంటికి నిలిపినవారిలో ఆయన యొకఁడని యొప్పుకొనక తప్పదు. అంతకుఁ బూర్వమే గిల్బర్టు వైటు అను మతాచార్యుఁడు సెల్బర్న్ అను తన గ్రామమును గూర్చి 1789లో ప్రకటించిన గ్రంథమున, చూపునకు ఒక్కటిగానే యుండు మూఁడు చిన్న పిట్టలను వాని కూఁతలనుబట్టి వేఱుపఱచెను. ఆ శ్రద్ధను మనవా రనుకరించియుండిన బాగుండెడిది.

'మీరు సంప్రదాయమును ద్వేషించుచున్నారు' అని కొందఱనవచ్చును. అది నిజము కాదు. పొఱుగుననున్న తమిళుల ప్రాచీన సంఘసాహిత్యమును చూడుఁడు. కురింజి, ముల్లై, మరుదము, నెయ్దల్, పాలై యని వారు భూమిని ఐదు తిణైలుగా విభజించిరి. కొండకు కొండపువ్వు, కొండపంట, కొండవాని పని. కడలియొడ్డునకు ఉప్పు, చేప, పల్లెకారుల బ్రదుకు. ప్రణయములోని యొక్కొక్క దశకు ఒక్కొక్క నేలను జోడించిరి. అదియు సంప్రదాయమే, అదియు నియమమే. కాని ఆ నియమము నేలనుండి పుట్టినది. మన పదునెనిమిది వర్ణనలు పట్టీనుండి పుట్టినవి. మా వైరము సంప్రదాయముతోఁ గాదు, పట్టీతో.

ఇది పండితుల చర్చ కదా, గృహస్థులకు దీనితో నేమి పని యని చదువరు లడుగవచ్చును. పని యున్నది. కృష్ణాగోదావరుల డెల్టాల నడుమ కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేఱుల వఱదను తాను మ్రింగి, మెల్లమెల్లగా ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచుట దాని పని. చేపలచెఱువులకై గట్లు వేసి సరస్సును ముక్కలు చేసిరి. 1999లో అయిదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపఁబడెను. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సర్ పట్టికలోఁ జేరెను. 2006లో ప్రభుత్వమే గట్లను తెగఁగొట్టించెను. పిదప పెక్కుచోట్ల గట్లు మరల లేచినవి. ఇంత చరిత్ర గల కొల్లేటిని గూర్చి తెలుఁగు చదివిన యింటిలో ఎన్ని మాటలు వినఁబడును? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినపుడు, ఆ యేఱెక్కడఁ బుట్టునో, ఏ సరస్సును చేరునో చెప్పఁగల పట్టభద్రులు వీథికి ఎందఱుండిరి? గంగావతరణమును వల్లించిన మనము ఇంటి వెనుకనున్న యేటి నెఱుఁగము. పేరు తెలియని యేటి మార్గమున ఇల్లు కట్టుటకు ఎవరికి వెఱపు?

కృష్ణానది మీఁద నాగార్జునసాగరము కట్టక పూర్వము 1954 మొదలు 1960 వఱకు పురాతత్త్వశాఖవారు ఆ లోయను త్రవ్వి, బౌద్ధశిల్పములను కొండమీఁదికి చేర్చిరి. మంచి పని చేసిరి. రాళ్ళకు మ్యూజియము లభించినది. నీట మునిఁగిన పల్లెలకు లభించిన పుస్తకమేది? నేఁడు గోదావరి మీఁద పోలవరము కట్టుచున్నారు. మూఁడువందలకు మించిన పల్లెలు ముంపులోఁ బోవునని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఆ పల్లెలవారిలో కోయలును కొండరెడ్లును పెక్కుమంది. పాపికొండలను చూడ లాంచీలలోఁ బోయిన మనవారు 'ఆహా! ఎంత రమణీయము' అని వ్రాసిరి. ఆ రమణీయతలో పోడు చేయువారెవరో, జీలుగు చెట్టునెక్కి కల్లు దించువారెవరో, ఏ దుంప నే నెలలోఁ ద్రవ్వి తిందురో వ్రాసినవారు తక్కువ. రమణీయమనుట సులభము. తెలిసికొనుట కష్టము.

విశ్వనాథ సత్యనారాయణగారు కిన్నెరసాని పాటలు వ్రాసి, ఊహాలోకపు సెలయేటిని గాక గోదావరికి నిజమైన యుపనదిని తెలుఁగువారి చెవిలో నిలిపిరి. అది ఘనకార్యము. కాని చదువరులమైన మన మేమి చేసితిమి? పాటను దాఁచుకొని యేటిని మఱచితిమి. ఆ యేటికి కట్టిన యానకట్ట నీరు కొత్తగూడెపు థర్మలు విద్యుత్కేంద్రమునకుఁ బోవునని, పాట పాడువారిలో నెందఱెఱుఁగుదురు? మన యింటి దీపములో నా కిన్నెర యున్నది. దీపము వెలిఁగించుకొని యా పాట చదువువానికి ఈ సంబంధము తెలియకపోవుట సాహిత్యాభిరుచి యనిపించుకొనదు.

ఇఁక మాపై రాఁదగిన యాక్షేపణలు మూఁడు. సాహిత్యము సార్వజనీనమైనది, ఊరిని పట్టుకొని వ్రేలాడిన సంకుచితమగునని మొదటిది. విదిశ నెన్నఁడు చూడని తెలుఁగువాఁడు మేఘసందేశము చదివి కరఁగుచున్నాఁడే! కాళిదాసుఁడు 'ఒకానొక నది' యని వ్రాసియుండిన కరఁగునా? సార్వజనీనతకు ద్వారము ఊరిలోనే యున్నది. ఊరు విడిచి దానిని వెదకువాఁడు దేనిని చేరఁడు. పక్షుల పేర్లు, చెట్ల జాతులు శాస్త్రజ్ఞుల సొత్తు కాని కవుల సొత్తు కాదని రెండవది. శాస్త్రజ్ఞుఁడు గూడబాతు లెన్ని యని లెక్కించును. అది రాని యేఁడు ఊరివారికి ఏమి తోఁచునో చెప్పవలసినవాఁడు కవి. రెండు లెక్కలును కావలెను.

మూఁడవది బలమైనది. 'ఆఁకలిగొన్న దేశమునకు అన్నమును విద్యుత్తును ముఖ్యము. కొంగల కథ లెందుకు?' అందురు. మేము కాలువలకు శత్రువులము కాము. కాటను దొర 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున కట్టించిన యానకట్ట కఱవుసీమను అన్నపూర్ణగా మార్చినదని మే మెఱుఁగుదుము. ఆనకట్టలు కట్టవలదని మేము చెప్పుట లేదు. కట్టునపుడు ఎవరి సొమ్ము వ్యయమగుచున్నదో వ్రాసియుంచుఁ డనుచున్నాము. సర్కారు చిట్టాలో ఇండ్లు, ఎకరములు, చెట్లు ఎక్కును. ఏ మలుపున పడవ కట్టుదురో, ఏ గాలికి చేప యెక్కునో, ఏ చింతక్రింద తగవు తీర్తురో ఆ చిట్టాలో ఎక్కదు. నష్టపరిహారము లేని యా యాస్తికి చిట్టా వ్రాయుటయే సాహిత్యము చేయవలసిన పని. కొంగ కథ వేఱు, ఆఁకలి కథ వేఱు కాదు. సరస్సు చెడినపుడు మొదట వెళ్ళిపోవునది కొంగ. తరువాత వెళ్ళిపోవువాఁడు వల తప్ప వేఱు ఆస్తి లేని పల్లెవాఁడు.

ఇచట సంస్కరణప్రియులు గమనింపవలసిన మాట యొకటి కలదు. స్థలము నెఱిఁగినవారెవరు? కొల్లేటిలో దోనె నడుపువాఁడు, గొఱ్ఱెలఁ గాచువాఁడు, వరి నాటు స్త్రీ, అడవిలో తేనె తీయు కొండవాఁడు. వీరినే మన సాహిత్యము వాకిటి వెలుపల నిలిపెను. వారి మాటలు గ్రామ్యములని త్రోసివేసితిమి. ఆ మాటలతోఁ గూడ పక్షుల పేర్లును, గడ్డిపేర్లును, గాలిపేర్లును త్రోసివేయఁబడినవి. కిక్కిస, జెల్ల, మట్టగిడస, పదును, ముసురు: ఇవి గ్రాంథికవాక్యమున నిమిడి కూర్చుండలేవా? ఈ వాక్యమున నిమిడినవి కదా! భాషకు నాగరకత నేర్పఁబోయి దానిని ఊరునుండి వెలివేసితిమి. అంటరానితనము మనుష్యులయెడ పాపమైనచో, మాటలయెడ పుణ్యమగునా? భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును వెలువరించిరి. మాటలు లేవను సాకు నాఁటితోనే చెల్లిపోయెను.

మేల్కొన్నవారు లేకపోలేదు. కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' నవలలో తప్పిపోయిన పందికై అడవిఁ జొచ్చిన ముసలివానికి ప్రతి పొదయు నొక ప్రశ్న. చంద్రలతగారి 'రేగడి విత్తులు' నల్లనేలను వెదకికొని పోయిన సేద్యగాండ్ర కథ. అక్కినేని కుటుంబరావుగారి 'కొల్లేటి జాడలు' పేరులోనే సరస్సును నిలుపుకొన్నది. వంగదేశీయుఁడగు విభూతిభూషణ వందోపాధ్యాయుఁడు 1939లో ప్రకటించిన 'ఆరణ్యక్' సూరంపూడి సీతారాముగారి చేతిమీఁదుగా 'వనవాసి' యను పేర తెలుఁగునకు వచ్చినది. అందలి కథకుఁడు జమీందారీ ఉద్యోగియై యడవిని కౌళ్ళకిచ్చి కొట్టించుటకే వచ్చును; వచ్చి దానిని ప్రేమించును; ప్రేమించుచునే కొట్టించును. అడవి నెఱిఁగిన కలమునకే అడవి పోవుటలోని దుఃఖము పట్టుపడును. పూర్వము వ్రాయని స్థలమునకు చరమగీతము వ్రాయుట కూడ సాధ్యము కాదు.

కాఁబట్టి మేము కోరునవి పెద్దకోరికలు కావు. ఉపాధ్యాయులు 'వర్షాకాలము' అను వ్యాసమును మాని, 'మన యూరిలో ఈ యేఁటి తొలకరి' అను వ్యాసము నిత్తురు గాక. మొదటి వాన యే దినమున కురిసెనో, ఏ చెఱువు నిండెనో, ఏ చేను తడియలేదో వ్రాయని వ్యాసమునకు మార్కులు తగ్గింతురు గాక. సంపాదకులు తమకు వచ్చిన ప్రకృతిగీతమునకు మేము చెప్పిన పరీక్ష పెట్టుదురు గాక. గృహస్థులు సెలవులలో పిల్లలను కొండలకుఁ దీసికొనిపోవుటకు ముందు, తమ కొళాయి నీరు ఏ యేటినుండి వచ్చుచున్నదో, తమ మురుగు నీరు ఏ యేటిలోఁ గలియుచున్నదో యొక్కసారి వారికిఁ జూపుదురు గాక. ఆ రెండవదానిని చూచిన పిల్లవాఁడు 'ప్రకృతికాంత' యను మాట వ్రాయుటకు జంకును. ఆ జంకే సాహిత్యమునకు మొదటి పాఠము.

కవులకును ఒక మాట. మీరు వ్రాసిన యేటి నొడ్డున పుట్టి పెరిఁగినవానికి మీ పద్యమును చదివి వినిపింపుఁడు. 'అయ్యా, ఇది మా యేఱే' యని వాఁడన్నచో మీరు కవులు. 'బాగున్నదండీ, ఇది యెక్కడి యేఱు?' అని వాఁడడిగినచో కాగితము మడిచి జేబులోఁ బెట్టుకొని, వానివెంట ఏటికడకు నడువుఁడు. పద్యము మరల వ్రాసికొనవచ్చును. ఏఱు మాత్రము మన తీరికకై కాచుకొని యుండదు.